మూడో పీపా

ముప్పై ఒక్క ఏళ్లు పీపాలు నింపడమే నా పని. ఆ పని పోయాక ఎనిమిది సీట్ల వ్యాను నింపడం మొదలుపెట్టాను.

నా పేరు జెర్వే. బర్గండీలో, బోన్ పట్నానికి అరగంట దూరంలో, ఒక పాత ద్రాక్షతోటకు నేలమాళిగ మేస్త్రిగా ఉండేవాణ్ణి. వైన్ పీపాలోకి చేరిన రోజు నుంచి సీసాలోకి దిగే రోజు వరకు దాని మంచీచెడూ నాదే. ముసలి యజమాని పోయాడు. వారసులు ముగ్గురూ కొట్టుకుని తోటను ఒక కంపెనీకి అమ్ముకున్నారు. కంపెనీవాళ్లు మొదటి నెల గోడలకు సున్నం కొట్టించారు. రెండో నెల నా చేతిలో ఉత్తరం పెట్టారు. అప్పటికి నాకు యాభై ఆరు. ఆ వయసు మేస్త్రిని ఎవరూ తీసుకోరు. అనుభవం మరీ ఎక్కువైందని ఒకాయన మొహం మీదే అన్నాడు.

అలా డ్రైవరునయ్యాను. 'మూడు రోజులు, రెండు ప్రాంతాలు, ఇరవై ఆరు రుచులు' అని వ్యాను పక్కన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మొదటి రెండు రోజులు బర్గండీ. మూడో రోజు మైదానం దాటి జురా కొండలు. మొదటి రోజు ఉదయం పదకొండింటికి ఆగవలసిన చోటు నా పాత తోట. మెడకు పట్టు రుమాలు చుట్టుకున్న అమ్మాయి ఎదురొచ్చేది.

"డ్రైవర్లు బయటే ఉండాలండీ. కాఫీ మెషీన్ అటు పక్కన ఉంది."

నా వ్యానులో వచ్చినవాళ్లు లోపలికి వెళ్లేవాళ్లు. నలభై నిమిషాల తరువాత పెదవులు ఎర్రగా చేసుకుని వచ్చి, "ఇక్కడ పీపాలను వారం వారం నింపుతారట, తెలుసా?" అని నాకే చెప్పేవాళ్లు.

"అలాగా," అనేవాణ్ణి.

పీపా చెక్క వైన్ తాగుతుంది. గాలి కొంత తాగుతుంది. వారానికి ఒక గ్లాసో రెండో తగ్గుతుంది. తగ్గినంత మేర గాలి చేరుతుంది, చేరిన గాలి వైన్‌ను చంపుతుంది. అందుకని ముక్కు ఉన్న రేకు డబ్బా పట్టుకుని ప్రతి పీపా దగ్గరకూ వెళ్లి, బిరడా తీసి, అంచు దాకా పోసి, బిరడా బిగించాలి. సోమవారం మొదటి వరుస, మంగళవారం రెండో వరుస. ముప్పై ఒక్క ఏళ్లు. చివరికి ఆ పని మనిషి చేయడు, చేతులు చేస్తాయి.

జురాలో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడి పసుపు వైన్‌ను పీపాలో ఒకసారి పోస్తారు. ఆపైన ఆరేళ్ల మూడు నెలలు చుక్క కూడా కలపరు. వైన్ తగ్గుతూ పోతుంది. దాని మీద పాల మీద మీగడలా తెల్లటి పొర కడుతుంది. లోపల చేరిన గాలి నుంచి ఆ పొరే వైన్‌ను కాపాడుతుంది. పొర చిరిగితే వైన్ పోయినట్టే. ఇది ఆ కొండల్లో ఎవరిని నిద్రలేపి అడిగినా చెబుతారు. నాకూ తెలుసు.

మూడో రోజు మేం వెళ్లేది క్లెమాన్స్ ఇంటికి. యాభై దాటిన మనిషి. నాలుగు హెక్టార్ల తోటను ఒంటిచేత్తో నడుపుతోంది. భర్త రెమీ ఆరేళ్ల క్రితం, కోతలు ముగిసిన శీతకాలంలో పోయాడు. ఆయన పోవడానికి ముందు, ఆ ఏడాది వసంతంలో మంచు కురిసి చిగుళ్లన్నీ మాడిపోయాయి. మిగిలిన పంటతో ఐదంటే ఐదు పీపాల పసుపు వైన్ వచ్చింది. రెమీ పెట్టిన చివరి వైన్ అది. వచ్చే డిసెంబరుకు గడువు తీరుతుంది.

ఆ ఐదు పీపాలకు కాపలా రెమీ అన్నగారు అరిస్టీద్. డెబ్బై తొమ్మిదేళ్లు, పెళ్లి లేదు, ద్రాక్ష పిండే గానుగ కొట్టం మీద గదిలో ఉంటాడు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మెట్ల మీద కూర్చుని అక్రోటు కాయలు కొడుతున్నాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"బోన్ దగ్గరండీ."

"ఓహో, నింపుడుగాళ్లా." ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "మీ బర్గండీవాళ్లకి పీపా కాస్త ఖాళీగా కనపడితే తిండి సయించదటగా. పెళ్లాం పక్కన పడుకుని కూడా బిరడా కోసం తడుముతారట."

"బావగారూ, ఆయన్ని కాస్త కూర్చోనివ్వండి," అంది క్లెమాన్స్ లోపలి నుంచి.

"కూర్చోమనే అంటున్నానమ్మా. పీపాలకి దూరంగా కూర్చోమంటున్నాను."

నవ్వాను. చాలా రోజుల తరువాత ఒక మనిషి నా పని గురించి, నా పని తెలిసినట్టు మాట్లాడాడు.

ఆ వేసవంతా ప్రతి శుక్రవారం వెళ్లాను. క్లెమాన్స్ తోటలో తీగలు కట్టుకోవాలి. వచ్చినవాళ్లకు మాళిగ చూపించడానికి ఆమెకు తీరిక లేదు. రెండు వారాలు చూసి ఆ పని నాకు వదిలేసింది. మామూలు తెల్ల వైన్ పీపాలు ముందు గదిలో ఉండేవి. వాటిని మా పద్ధతిలోనే నింపుకోవాలి. ఆ పనీ నాకే ఇచ్చింది. రేకు డబ్బా మళ్లీ చేతికి వచ్చిన రోజు బయటికి వెళ్లి ముక్కు చీదుకుని వచ్చాను.

"జెర్వే, ఒక మాట," అంది ఒకరోజు. "ఈ వ్యాను తోలడం ఎన్నాళ్లు?"

"మోకాళ్లు పనిచేసినన్నాళ్లు."

"నాకు మాళిగ మనిషి కావాలి. బావగారు ఇక చేయలేరు. ఏప్రిల్లో స్టవ్ మీద గిన్నె పెట్టి మరిచిపోయి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే తోటకెళ్లిపోయారు. మొన్న నన్ను వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచారు. ఈ ఎండాకాలం నిన్ను చూస్తాను. నచ్చితే కోతల నుంచి నువ్వే."

"నచ్చకపోతే?"

"వ్యాను ఉంది కదా."

ఆమె నవ్వుతూనే అంది. కాని ఆ రోజు నుంచి నాకు ఆ వ్యాను తాళంచెవి ముట్టుకుంటే జైలు తాళం ముట్టుకున్నట్టుండేది.

అరిస్టీద్ మాత్రం నాకు పాఠాలు మొదలుపెట్టాడు. సాయంత్రాలు పీపాలకు చెవి ఆనించి, వేలి ముడుకుతో కొట్టి వినిపించేవాడు. కింద మొద్దుగా, పైన డొల్లగా. ఆ రెండు శబ్దాలూ మారే చోట వైన్ మట్టం.

"మూడోది చూడు. వీడు గట్టివాడు. మా తమ్ముడు చనిపోయిన వారమే పొర కట్టాడు. దుఃఖంలో కట్టిన పొర, చిరగదు."

"మీరు కవిత్వం చెబుతున్నారు."

"నువ్వు వినబట్టి చెబుతున్నాను. మా మరదలికి ఇవన్నీ చెబితే పురుగుమందు సంగతి అడుగుతుంది."

జూలై మూడో శుక్రవారం ఆరుగురిని తెచ్చాను. ఇద్దరు డెన్మార్క్ అక్కాచెల్లెళ్లు, మాంట్రియల్ నుంచి ఒక జంట, లియేజ్‌లో దంతవైద్యం చేసి మానేసిన డాక్టర్ ఉర్బెన్, ఆయన భార్య. డాక్టర్ మెడలో కెమెరా. మనిషి మంచివాడు, ప్రశ్నలు ఎక్కువ. క్లెమాన్స్ పై తోటలో ఉంది. అరిస్టీద్ మోకాలి నొప్పికి ఊళ్లో ఆసుపత్రికి వెళ్లాడు.

ముందు గదిలో తెల్ల వైన్ పోశాను. తీసినంత వైన్ తిరిగి ఎలా నింపుతామో డబ్బాతో రెండు పీపాలు నింపి చూపించాను. తరువాత లోపలి గదిలోకి నడిపించాను. డబ్బా నా చేతిలోనే ఉంది. అది చేతిలో ఉన్నట్టు నాకు గుర్తు లేదు. చెప్పాను కదా, ముప్పై ఒక్క ఏళ్లు.

"ఈ ఐదు పీపాల్లో ఆరేళ్లుగా ఎవరూ చుక్క కలపలేదు," అని మొదలుపెట్టాను. మూడో పీపా ముందు పలకకు అడుగున చిన్న కుళాయి ఉంటుంది, పొర కదలకుండా అక్కడి నుంచి తీస్తారు. ఆరు గ్లాసుల్లో రెండేసి గుక్కలు పట్టాను. అందరూ ముక్కులు పెట్టారు. అక్రోటు అన్నారు, ఎండుగడ్డి అన్నారు. డెన్మార్క్ పెద్దావిడ వాళ్ల నాన్నగారి కోటు వాసన అంది.

"ఇక్కడి రహస్యం ఒక్కటే," అంటున్నాను నేను. "మేం బర్గండీవాళ్లం ఆగలేం. తీస్తే నింపుతాం. ఇక్కడివాళ్లు ఆగుతారు. పీపాలో ఖాళీ పెరుగుతున్నా చేతులు కట్టుకుని కూర్చుంటారు."

నోరు ఇది చెబుతూ ఉంది. ఎడమ చెయ్యి బిరడా తీసింది. కుడి చెయ్యి డబ్బా వంచింది.

మామూలు పీపా అయితే ఒక గ్లాసు పోయగానే అంచు దాకా వచ్చి, డబ్బా ముక్కు దగ్గర గలగల ఆగుతుంది. ఆ ఆగడం కోసం చెవి ఎదురుచూస్తుంది. ఆగలేదు. పోస్తూనే ఉన్నాను. డబ్బా తేలికైపోయింది. ఇంకా అంచు రాలేదు. ఏ పీపా ఇంత తాగుతుంది అని నా బుర్రకు అప్పుడు తోచింది.

కిందికి చూశాను. ఐదు లీటర్ల డబ్బా. అడుగున చెంచాడు మిగిలింది.

కెమెరా టక్కుమంది.

"ఒక సందేహం," అన్నాడు డాక్టర్ ఉర్బెన్. "వీటిని నింపరు అన్నారు కదా. మరి ఇదేమిటి?"

డబ్బాను వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"ఇది వేరే లెక్కండీ," అన్నాను. "గడువు దగ్గరపడ్డ పీపాకి ఆఖర్లో కొంచెం కలుపుతారు."

"ఓ. ఆసక్తిగా ఉంది," అని ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

బిరడా పెట్టాను. తడి తుడిచాను. టార్చి వేసి లోపలికి చూడాలని ఉంది. చూస్తే ఆ పొర ముక్కలుగా మునగడం కనిపిస్తుందని చూడలేదు.

మధ్యాహ్నం క్లెమాన్స్ కిందికి వచ్చేసరికి చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. వాక్యం కూడా తయారు చేసుకున్నాను. ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టి, రొట్టె, కోంతే జున్ను నా ముందుకు తోసింది.

"ఒప్పందం కాగితాలు వచ్చాయి. ఇంకా చూసేదేముంది. ఆగస్టు చివర్లో చేరిపో. మేడ మీద గదికి రంగు వేయిస్తున్నాను. నీలం ఇష్టమేనా?"

"క్లెమాన్స్..."

"నీలం వద్దా?"

"నీలమే బాగుంటుంది," అన్నాను.

తరువాత సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం వ్యానులో వచ్చినవాళ్లను రైలెక్కించాలి. తరువాత ఫోన్లో చెబుదామనుకున్నాను. అది ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నాను. ఈ అనుకోవడాలన్నీ నిజాయితీగానే అనుకున్నాను. అదే ఇప్పటికీ నాకు అసహ్యం.

పది రోజులకు డాక్టర్ ఉర్బెన్ నుంచి మెయిల్ వచ్చింది. 'ప్రియమైన జెర్వే గారికి, మా జ్ఞాపకాలు' అని నలభై ఫోటోలు. ముప్పై ఒకటో ఫోటోలో నేనున్నాను. మూడో పీపా మీదికి వంగి, డబ్బా వంచి, నోరు తెరుచుకుని. నా మొహంలో అంత హాయి నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకెవరికైనా పంపారా అని జవాబు రాశాను. 'లేదు, క్లెమాన్స్ గారి చిరునామా దొరకలేదు, మీరే చూపించండి' అన్నాడాయన. తప్పకుండా అన్నాను. ఫోటో తుడిచేశాను.

ఆగస్టు రెండో వారంలో ల్యాబ్ మనిషి వచ్చి ఐదు పీపాల నుంచీ నమూనాలు పట్టుకెళ్లాడు. నాలుగు బాగున్నాయి. మూడోది పుల్లబడింది, ఇక వైన్‌గా పనికిరాదు, వెనిగర్ చేసేవాళ్లకు ఇచ్చుకోండి అని రాశాడు. క్లెమాన్స్ వెంటనే నాకు ఫోన్ చేసింది. నేను చేరేసరికి ఆమె మాళిగలో పీపా ముందు నిలబడి ఉంది. వేలి ముడుకుతో కొడుతోంది. మొద్దు శబ్దం ఉండవలసిన చోటు కంటే కాస్త పైకి ఉంది.

"ఎవరో పోశారు," అంది. "మట్టం పెరిగింది. తెల్ల వైన్ పోశారు."

నేను కుళాయి వైపు చూశాను.

"ఇక్కడికి వచ్చేది ముగ్గురం. నేను పోయలేదు." ఆమె నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు. ఉంటే బాగుండేది. "జెర్వే, నువ్వు పోశావా?"

ఇంత సూటిగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అవును అనడానికి ఒక్క క్షణం చాలు. నీలం రంగు గది, ముందు గదిలో పీపాల వరుస, సోమవారం, మంగళవారం, అన్నీ ఆ క్షణంలో కనిపించాయి. వాటి వెనక ఎనిమిది సీట్ల వ్యాను కనిపించింది.

"పసుపు పీపాలో పోయకూడదని తెలియని మనిషినా నేను?" అన్నాను.

అది అబద్ధం కాదు. అంతకంటే నీచమైనది.

క్లెమాన్స్ పీపా మీంచి చెయ్యి తీసింది. తరువాత తల ఊపింది.

"క్షమించు. అడగకూడదు. మేస్త్రిని ఆ మాట అడగడమే అవమానం," అని పైకి చూసింది. పైన గానుగ కొట్టంలో అరిస్టీద్ ఈల వేస్తున్నాడు.

ఆమె ఆయన్ని కోప్పడలేదు. వంటింట్లో కూర్చోబెట్టి చిన్నగా అడిగింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"బావగారూ, మూడో పీపాలో మీరేమైనా పోశారా?"

"నేనా? పిచ్చా నీకు?"

"గుర్తు చేసుకోండి. సాయంత్రాలు కిందికి వెళతారు కదా."

"వినడానికి వెళతాను. పోయడానికి కాదు." ఆయన నా వైపు చూశాడు. "ఏమయ్యా, నువ్వు చెప్పు."

నేను నేల చూశాను. ఆయన ఆ చూపును ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నేను ఆయన కోసం సిగ్గుపడుతున్నాననుకున్నాడు. ఆయన మొహం మారడం చూశాను. గోడ పెచ్చు ఊడినట్టు మారింది.

"గిన్నె సంగతి కూడా నాకు గుర్తు లేదు," అన్నాడు మెల్లగా. "గిన్నె మాడిందని నువ్వు చెప్పాకే తెలిసింది. అలాగే ఇదీ..." చేతులు బల్ల మీద పెట్టుకుని వాటిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "రెమీ వైన్‌లోనా? నేనా?"

"పోనివ్వండి బావగారూ."

మర్నాడు క్లెమాన్స్ మాళిగకు కొత్త తాళం వేయించింది. తాళంచెవులు రెండే. ఆమెకొకటి, నాకొకటి. "మెట్ల మీద పడిపోతారు, ఆయన మంచికే," అంది.

నేను చేరిన మొదటి ఆదివారం అరిస్టీద్ మేడ మీదికి వచ్చాడు. తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గదిలో రంగు వాసన ఇంకా పోలేదు.

"నీకు ఒక మాట చెప్పాలి."

"కూర్చోండి."

"వద్దు. నిన్ను ఆమె అడిగిందట కదా, నువ్వు పోశావా అని. నా మూలంగా నీకు ఆ మాట పడింది." ఆయన గొంతు సరిచేసుకున్నాడు. "వచ్చిన రోజు నింపుడుగాడివని కూడా అన్నాను. చివరికి ఆ పని చేసింది నేను. క్షమించవయ్యా."

ఇప్పుడు చెప్పు, అన్నాను నాలో నేను. గదిలో ఇద్దరమే ఉన్నాం. ఈయనకు ఒక్కడికైనా చెప్పు.

"మీరు అలా అనకండి," అన్నాను. నోరు అంతవరకే వెళ్లింది.

ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

డిసెంబరులో నాలుగు పీపాలు తెరిచాం. గొప్పగా ఉంది వైన్. పత్రికలో రాశారు. క్లెమాన్స్ మొదటి సీసా మీద రెమీ పేరుతో పాటు నా పేరు కూడా రాయిస్తానంటే వద్దని బతిమాలాను. వినయం అనుకుంది. శీతకాలమంతా రోజూ మాళిగలోకి దిగాను. ముందు గది పీపాలు నింపాను. చేతులు సంతోషంగా ఉన్నాయి. వాటికేం, వాటికి ఏదీ గుర్తుండదు.

మార్చిలో మళ్లీ సందర్శకులు మొదలయ్యారు. వ్యాను ఇప్పుడు వేరే ఎవరో తోలుతున్నాడు. మొదటి శుక్రవారం వ్యానులోనూ ఇంకో కారులోనూ కలిపి పదిమంది వచ్చారు. వాళ్లను మెట్లు దింపుతూ లెక్కపెట్టుకున్నాను. పదకొండు.

చివరి మనిషి అరిస్టీద్. ఆదివారం కోటు వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. అందరిలాగే చేతిలో గ్లాసు. వాళ్లతో కలిసి వస్తే తప్ప కిందికి రావడానికి ఆయనకు దారి లేదు. నేను చూడగానే కళ్లు దించుకున్నాడు, పట్టుబడినట్టు.

ఆపలేదు. ఏమని ఆపను?

తెల్ల వైన్ అయ్యాక లోపలి గదికి వెళ్లాం. తరువాతి ఏడాది పీపాల ముందు నిలబడి, నింపకపోవడం గురించి, పొర గురించి చెప్పాను. అరిస్టీద్ అన్నీ కొత్తగా వింటున్నట్టు తల ఊపుతున్నాడు. నిజంగానే కొత్తగా వింటున్నాడేమో, నాకు తెలియదు. వచ్చినవాళ్లలో ఒక అమ్మాయి అడిగింది.

"పొరపాటున ఎవరైనా ఎప్పుడైనా నింపేశారా?"

నేను గ్లాసులు సర్దుతున్నట్టు వంగాను.

"నింపారమ్మా," అన్నాడు అరిస్టీద్ వెనక నుంచి. అందరూ తిరిగి చూశారు. "నేనే. మా తమ్ముడి చివరి పీపా. ఎండాకాలం. చేతిలో డబ్బా ఉంది. ఎందుకు పోస్తున్నానో తెలియదు, పోస్తూనే ఉన్నాను. డబ్బా అయిపోయింది గాని పీపా నిండలేదు."

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ డబ్బా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వడ్రంగి చెక్కలో పగులు తడిమినట్టు, ఆ ముసలాయన ఈ ఏడు నెలలూ కూర్చుని ఆ తప్పు ఎలా జరిగి ఉంటుందో తడిమి తడిమి కనిపెట్టుకున్నాడు. నాకంటే బాగా గుర్తుంది ఆయనకు.

"అయ్యో," అంది ఆ అమ్మాయి. "ఇంట్లోవాళ్లు ఏమన్నారు?"

"మంచివాళ్లు. ఏమీ అనలేదు." ఆయన గడ్డంతో నా వైపు చూపించాడు. "అందుకే వీరిని పెట్టుకున్నాం. బర్గండీ మనిషి. అయినా ఒక్క చుక్క పోయడు."

పదిమందీ నా వైపు చూసి నవ్వారు. వాళ్ల గ్లాసులు ఖాళీగా ఉన్నాయి.

"ఇటు రండి," అన్నాను. "తరువాతి పీపా రుచి చూద్దురుగాని."

అరిస్టీద్ అందరి వెనక వరుసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, గ్లాసు చాపాడు.